కప్పు కింద కూడలి

1956 అక్టోబరు 8, సోమవారం. ఆంధ్రప్రదేశ్ అవతరణకు ఇంకా మూడు వారాల పైచిలుకు ఉంది. భూగోళానికి అటువైపు, అమెరికాలోని మినియాపొలిస్ నగర శివార్లలో, ఈడైనా అనే ఊళ్ళో సౌత్‌డేల్ సెంటర్ తలుపులు తెరిచారు. అంతకు కొన్నేళ్ళ ముందు దాకా అక్కడ పొలాలుండేవి. 2 కోట్ల డాలర్లు పెట్టి కట్టిన ఆ భవనంలో 72 దుకాణాలు, దాని చుట్టూ 5,200 కార్లు నిలపగల ఖాళీ జాగా. మొదటి రోజున వచ్చిన జనం 75 వేలు.

ఆ 75 వేల మంది గురించి నేను చాలాకాలంగా ఆలోచిస్తున్నాను. వాళ్ళు దేనికోసం వచ్చారు? అక్కడ అమ్మకానికి పెట్టిన గౌన్లు, బూట్లు, పింగాణీ పళ్ళాలు, పిల్లల బొమ్మలు నగరం నడిబొడ్డున నికొలెట్ అవెన్యూలో ఉన్న డేటన్స్ డిపార్ట్‌మెంట్ స్టోర్‌లోనూ దొరుకుతాయి. ఆ డేటన్స్ యజమానులే ఈ సౌత్‌డేల్‌నూ కట్టించారు. సరుకు పాతదే, యజమాని పాతవాడే. కొత్తగా ఉన్నది ఒక్కటే: రెండంతస్తుల దుకాణాల మధ్య వదిలిన పెద్ద ముంగిలి, దానిమీద కప్పు. ఆ ముంగిలి చూడటానికే వాళ్ళు వచ్చారని నా నమ్మకం. ఇంకో మాట కూడా అంటాను. ఆ ముంగిట్లో తిరుగుతూ ఒకరినొకరు చూసుకోవడానికి వచ్చారు.

దాన్ని గార్డెన్ కోర్ట్ అన్నారు. మిన్నెసోటా చలి తెలిసినవాళ్ళకు ఆ ఏర్పాటు విలువ వెంటనే అర్థమవుతుంది. నవంబరు నుంచి మార్చి దాకా మంచు, గడ్డకట్టిన చెరువులు, ముక్కు చివర మొద్దుబారే గాలి. అలాంటి చోట బయట ఏ రుతువైనా లోపల వసంతమే. వేసవి ఉక్క లేదు, చలికాలపు కోత లేదు. అద్దాల పైకప్పులోంచి దిగే వెలుతురు, కుండీల్లో ఉష్ణదేశపు చెట్లు, చేపల కొలను, 21 అడుగుల ఎత్తు పంజరంలో రంగురంగుల పిట్టలు, బల్లలు వేసిన కాఫీ దుకాణం. శిల్పి హ్యారీ బెర్టోయా లోహంతో చేసిన బంగారు రంగు చెట్లు రెండంతస్తుల మేర నిలబడ్డాయి. బరువైన కోటు విప్పి చేతిమీద వేసుకుని, పిల్లల్ని వదిలేసి, కాసేపు ఊరికే నిలబడగలిగే చోటు. అలా నిలబడే చోటు శివారు ఊళ్ళలో అంతకుముందు లేదు. అసలు కథంతా ఆ లేమిలోనే ఉంది.

రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు ప్రభుత్వం హామీ ఉండి ఇళ్ళ అప్పులు ఇప్పించింది. నగరం బయట చవక భూముల్లో ఒకే మోస్తరు ఇళ్ళు వరసలు వరసలుగా లేచాయి. ఇల్లుంది, ఇంటిముందు పచ్చికుంది, కారుంది. భర్త కారేసుకుని నగరంలో ఉద్యోగానికి వెళితే, ఇల్లాలికి పగలంతా పలకరించే దిక్కు పక్కింటి ఇల్లాలే. పాత నగరంలో డిపార్ట్‌మెంట్ స్టోర్ ఆడవాళ్ళకు దుకాణాన్ని మించిన చోటు. మగవాళ్ళకు క్లబ్బులు, బార్లు, ఆఫీసులు ఉండేవి. మర్యాదస్తురాలైన స్త్రీ ఒంటరిగా వెళ్ళి, టీ తాగి, స్నేహితురాలిని కలిసి, సాయంత్రానికి ఇల్లు చేరగల తావులు మాత్రం కొద్దే. డేటన్స్ లాంటి దుకాణాలు ఆ తావును ఇచ్చాయి. శివారుకు వెళ్ళిన ఇల్లాలికి అది దూరమైంది. దుకాణానికి ఆవిడ దూరమైంది.

వ్యాపారికి ఈ రెండో దూరమే కనబడింది. అందులో తప్పేమీ లేదు, అది అతని వృత్తి. డెట్రాయిట్‌లో జె.ఎల్. హడ్సన్ కంపెనీ ముందుగా కదిలింది. వుడ్‌వర్డ్ అవెన్యూలో 20 లక్షల చదరపు అడుగులకు మించిన మహాభవనం హడ్సన్స్‌ది. అంత భవనం ఉండి కూడా ఖాతాదారులు చేజారుతున్నారని గ్రహించి, 1954 మార్చి 22న నగరానికి వాయవ్యంగా నార్త్‌లాండ్ సెంటర్ తెరిచింది. గుడి చుట్టూ అంగళ్ళు వెలిసినట్టు, మధ్యలో నాలుగంతస్తుల హడ్సన్స్, చుట్టూ చిన్న దుకాణాలు, వాటి నడుమ తోటలు, శిల్పాలు. మార్షల్ ఫ్రెడరిక్స్ చెక్కిన ఎలుగుబంటి, దాని వీపుమీద కుర్రవాడి బొమ్మ దగ్గర ఫొటో దిగని డెట్రాయిట్ పిల్లలు తక్కువ. అక్కడ సభలు జరుపుకునే గదులు కూడా కట్టారు. ఆ గదుల ఆలోచన హడ్సన్స్‌ది కాదు, ఆ ప్లాను గీసిన విక్టర్ గ్రూయెన్‌ది. నార్త్‌లాండ్‌కు కప్పు లేదు. రెండేళ్ళ తర్వాత సౌత్‌డేల్‌కు కప్పు వేసినవాడూ ఆయనే.

గ్రూయెన్ వియన్నా మనిషి. 1903లో పుట్టాడు. అప్పటి పేరు విక్టర్ గ్రూన్‌బౌమ్. పగలు భవనాల పని, రాత్రి రాజకీయ వ్యంగ్య నాటికలు. 1938లో హిట్లర్ సైన్యం ఆస్ట్రియాను మింగినప్పుడు, యూదుడైన ఆయన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దేశం దాటాడు. న్యూయార్క్‌లో దిగేసరికి జేబులో 8 డాలర్లు, నాలుక మీద అరకొర ఇంగ్లిష్. మరుసటేడే ఫిఫ్త్ అవెన్యూలో ఒక తోలు సామాన్ల దుకాణానికి ముఖద్వారం గీసి పేరు తెచ్చుకున్నాడు. ఆయన వెంట తెచ్చుకున్న అసలు ఆస్తి వియన్నా జ్ఞాపకం. రింగ్ రోడ్డు పక్కన చెట్ల నీడన నడక, ఒక్క కప్పు కాఫీతో పూటంతా కూర్చోనిచ్చే కాఫీ హౌసులు, వాదనలు, పత్రికలు, దారిన పోయేవారి పలకరింపులు. అమెరికా శివార్లలో కారు దిగితే ఇల్లు, ఇల్లు దిగితే కారు. ఆయన ప్రాణం విలవిల్లాడింది. ఇక్కడి మనుషులకు కూడలి లేదు, నేను కట్టిస్తాను అనుకున్నాడు. డబ్బు పెట్టగలవాడు వ్యాపారి ఒక్కడే కనబడ్డాడు. ఆ వ్యాపారితోనే కూడలి కట్టించాలని చూశాడు.

ఆ ప్రయత్నంలోని నేర్పును నేను తక్కువ చేయలేను. ఎండావానలు తగలని ముంగిలి ఉంటే, ప్రతి దుకాణానికీ విడిగా బలమైన బయటి గోడ, తలుపు, వేడిచేసే యంత్రం అక్కర్లేదని లెక్కలు వేసి చూపించాడు. దుకాణాల ముఖాలు లోపలికి తిప్పాడు. బయటికి కనబడేవి చాలావరకు బోసి గోడలే. కార్లు నిలిపే స్థలాన్ని ఎత్తుపల్లాలుగా మలిచి, కొందరు కింది అంతస్తులోకి, కొందరు పై అంతస్తులోకి తిన్నగా నడిచివచ్చేలా చేశాడు. అందువల్ల రెండంతస్తులకూ గిరాకీ సమానమైంది. అన్నింటికంటే సాహసం, డేటన్స్‌కు నగరంలో గట్టి పోటీదారైన డొనాల్డ్‌సన్స్‌ను కూడా అదే కప్పు కిందికి పిలవడం. ఇద్దరు ప్రత్యర్థులు ఒకేచోట ఉంటే జనం ఇద్దరి కోసమూ వస్తారు. ఈ సూత్రాన్ని డేటన్ సోదరులు ఒప్పుకోవడం వల్లే సౌత్‌డేల్ నిలబడింది.

భవనం ఆయన ప్లానులో ఒక భాగం మాత్రమే. డేటన్స్ కొన్న భూమి దాదాపు 460 ఎకరాలు. అందులో ఇళ్ళు, అపార్ట్‌మెంట్లు, బడి, ఆసుపత్రి, పార్కు, చెరువు అన్నీ రావాలి. కూడలి చుట్టూ నడిచివెళ్ళగల ఊరు ఉండాలి. ఆసుపత్రి ఒకటి వచ్చింది. ఊరు మాత్రం రాలేదు. దుకాణాల పక్కన భూమి ధర పెరిగింది. పెరిగిన భూమిలో బడి కంటే, చెరువు కంటే, ఇంకో దుకాణమే లాభం. కార్లు నిలిపే తారు మైదానం ఆ భవనాన్ని చుట్టుపక్కల ఇళ్ళనుంచి వేరుచేసింది.

తెరిచిన మరుసటి నెలలోనే వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ చూడటానికి వచ్చాడు. అప్పటికే ఎనభై తొమ్మిదేళ్ళ వృద్ధుడు, మొహమాటం ఎరగనివాడు. పల్లె వీధికుండే చెడుగులన్నీ ఇక్కడికి వచ్చాయి, దాని అందం మాత్రం రాలేదని తీర్పు చెప్పి వెళ్ళాడు. ఆ తీర్పు సగమే నిజం. అందం సంగతి పక్కన పెడితే, ఆయన ఒక్కపూట చూశాడు. మనుషులు ఒక చోటును దేనికి వాడుకుంటారో ఒక్కపూటలో తెలియదు.

మా అబ్బాయి మినియాపొలిస్ శివార్లలోనే ఉంటాడు. ఒక శీతాకాలం వాళ్ళింట్లో ఉన్నప్పుడు నన్ను సౌత్‌డేల్‌కు తీసుకెళ్ళేవాడు. పిట్టల పంజరం లేదు, కొలను లేదు. బెర్టోయా చెట్లు మాత్రం ఉన్నాయి. నన్ను కట్టిపడేసింది అక్కడ నడిచే పెద్దవాళ్ళు. చేతిలో సంచీ లేదు, ఏ దుకాణం వంకా చూపు లేదు. కోటు తీసి, మెత్తని బూట్లేసుకుని ఈ చివరనుంచి ఆ చివరకు నడుస్తారు, ఎదురుపడినవాళ్ళకు తల ఊపుతారు. ఒకరోజు బెంచీమీద మంకీ టోపీతో కూర్చున్న పెద్దాయన నన్ను చూసి కాస్త జరిగి చోటిచ్చారు.

"తెలుగువారేనా అండీ?" అన్నాను.

"అవును సార్. మాది సూర్యాపేట. మీదే ఊరు?"

"తెనాలండీ."

ఆయన సంతోషంగా చెయ్యి పట్టుకున్నారు. "ఇంట్ల కూసుంటే కిటికీల మంచు తప్ప ఇంకోటి కనబడది సార్. కొడుకు, కోడలు పొద్దుగాల పోతే చీకటి పడ్డంక వస్తరు. పిల్లలు బడికి పోతరు. ఈడికొస్తే నలుగురు మనుషులన్న కనబడ్తరు. మాట రాకపోతే ఏంది, మొకాలు చూస్తె చాలు" అన్నారు.

మొదటి రోజున వచ్చిన 75 వేల మంది గురించి నేను చదివినవాటన్నిటికంటే ఆ మాటలు నాకు ఎక్కువ చెప్పాయి. గ్రూయెన్ కోరుకున్న మనిషి ఆయనే. కొనుగోలు ఏమీ లేకుండా, కేవలం మనుషుల మధ్య ఉండటానికి వచ్చిన మనిషి. వియన్నా కాఫీ హౌసూ తెనాలి గడియారస్తంభం దగ్గరి సాయంత్రాలూ తీర్చే ఆకలి ఒక్కటే. ఆ ఆకలిని అమెరికాలో ముందుగా గుర్తుపట్టి గౌరవించినవాళ్ళలో గ్రూయెన్ ఒకడు. అందుకు ఆయనంటే నాకు ప్రేమ.

అయితే ఆ ముంగిలికి ఎవరు రాగలిగేవారో కూడా చూడాలి. మినియాపొలిస్‌లో వీధి ట్రాములు 1954 జూన్‌లో ఆగిపోయాయి. అంతవరకు ట్రాము ఛార్జీ ఉన్న ఎవరైనా, పనిమనిషైనా, కూలీ అయినా, నల్లజాతి మనిషైనా నికొలెట్ అవెన్యూలో దిగి డేటన్స్ అద్దాల ముందు నిలబడగలిగేవారు. సౌత్‌డేల్‌కు కారు కావాలి. కారున్న ఆ శివార్లలో ఇల్లెవరు కొనుక్కోగలిగారు? ఈడైనాలోనే 1920ల్లో వేసిన కంట్రీ క్లబ్ డిస్ట్రిక్ట్ అనే కాలనీ దస్తావేజుల్లో తెల్లవారికి తప్ప ఇళ్ళు అమ్మరాదని రాసుకున్నారు. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని అమెరికా సుప్రీంకోర్టు 1948లో చెప్పినా, ప్రభుత్వ హామీతో వచ్చే ఇళ్ళ అప్పులు నల్లవారికి అందడం అరుదు. అందువల్ల గేటు దగ్గర ఎవరినీ ఆపకుండానే ఆ కూడలి వడబోత పూర్తయింది. ఇది గ్రూయెన్ చేసిన పాపం కాదు. కానీ కూడలి అంటే మనలాంటి వారితో పాటు మనలాంటివారు కానివారూ ఎదురుపడే చోటు. ఆ సగం అక్కడ మొదటి రోజునుంచే లేదు.

రెండో సగం సంగతి కోర్టులు తేల్చాయి. కూడలిలో మనుషులు తిరగడమే కాదు, మాట్లాడతారు, కరపత్రం పంచుతారు, నచ్చనిదాన్ని నిలదీస్తారు. షాపింగ్ సెంటర్ ఊరి బజారులాంటిదే, అక్కడ కార్మికులు నిరసన తెలపవచ్చని 1968లో పెన్సిల్వేనియా కేసు ఒకదానిలో అమెరికా సుప్రీంకోర్టు అంది. నాలుగేళ్ళ తర్వాత, పోర్ట్‌లండ్‌లోని లాయిడ్ సెంటర్‌లో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా కరపత్రాలు పంచినవారికి ఆ రక్షణ లేదంది. 1976 నాటికి 1968 తీర్పునే పక్కన పెట్టేసింది. రాష్ట్రాలు కావాలంటే తమ రాజ్యాంగాల కింద ఎక్కువ స్వేచ్ఛ ఇచ్చుకోవచ్చని 1980లో చెప్పింది. కాలిఫోర్నియా ఇచ్చింది, మిన్నెసోటా ఇవ్వలేదు. సౌత్‌డేల్‌కు కొద్ది మైళ్ళ దూరంలో 1992లో తెరిచిన మాల్ ఆఫ్ అమెరికాలో, జంతువుల బొచ్చు దుస్తుల అమ్మకాన్ని నిరసించినవారి కేసులో, ఆ భవనం ప్రైవేటు ఆస్తి, అక్కడ వాక్‌స్వాతంత్ర్యపు హక్కు వర్తించదని 1999లో మిన్నెసోటా సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం దృష్టిలో అది యజమాని ఇల్లు. మనం అతిథులం. సూర్యాపేట పెద్దాయన బెంచీ మీద ఎంతసేపైనా కూర్చోవచ్చు, అది యజమాని దయ. ఆ దయ రేపు ఉండకపోతే ఆయన అడగడానికి ఏమీ లేదు.

సౌత్‌డేల్ నమూనా దేశమంతటా ఎందుకంత వేగంగా పాకిందంటే, దాని అందం ఒక్కటే కారణం కాదు. కొత్త వాణిజ్య భవనాల తరుగుదలను తొలి ఏళ్ళలోనే ఎక్కువగా చూపి పన్ను తగ్గించుకునే వీలు 1954 చట్టం కల్పించింది. పాత భవనాన్ని బాగుచేయడంకంటే ఊరి బయట కొత్తది కట్టడమే లాభసాటి అయింది. 1956 జూన్‌లో, సౌత్‌డేల్ తెరవడానికి మూడు నెలల ముందు, 41 వేల మైళ్ళ జాతీయ రహదారుల చట్టం వచ్చింది. ఖర్చులో నూటికి తొంభై పాళ్ళు కేంద్ర ప్రభుత్వమే పెట్టుకుంది. దారి ప్రభుత్వం వేసింది, పన్ను రాయితీ ప్రభుత్వం ఇచ్చింది, ఇంటి అప్పుకు హామీ ప్రభుత్వం ఉంది. అందరి డబ్బుతో జనాన్ని అక్కడిదాకా చేర్చి, వాళ్ళు కలుసుకునే చోటును మాత్రం ఒక దుకాణదారుకు వదిలేశారు. నా అభ్యంతరమంతా ఇక్కడే.

పాత నగరాలు తమను కాపాడుకోవడానికి పెనుగులాడాయి. చలికి జంకి జనం సౌత్‌డేల్‌కు పోతున్నారని మినియాపొలిస్ 1962 నుంచి భవనాల మధ్య గాలిలో అద్దాల వంతెనలు కట్టింది. 1967లో నికొలెట్ అవెన్యూను నడిచేవారికి, బస్సులకు వదిలింది. అక్కడి డేటన్స్ భవనం చేతులు, పేర్లు మారి 2017 దాకా దుకాణంగా నిలిచింది. డెట్రాయిట్‌కు ఆ మాత్రం భాగ్యం కూడా లేదు. వుడ్‌వర్డ్ మీది హడ్సన్స్ 1983లో మూతబడింది. 1998 అక్టోబరు 24న పేలుడు మందు పెట్టి కూల్చేశారు. దాని బిడ్డ నార్త్‌లాండ్ 2015లో మూతబడింది. ఎలుగుబంటి బొమ్మను మాత్రం ఆ సెంటర్ ఉన్న సౌత్‌ఫీల్డ్ పట్టణం కొని ఊరి గ్రంథాలయంలో పెట్టుకుంది. ఆ బొమ్మ చేరిన చోటు నాకు ఎంతో సబబుగా తోస్తుంది. గ్రంథాలయం ఊరిది. ఇక డేటన్స్, 1962లో టార్గెట్ అనే చవక దుకాణం మొదలుపెట్టింది. 1969లో హడ్సన్స్‌తో కలిసింది. ఈనాడు అమెరికాలోని మన పిల్లలు వారం వారం వెళ్ళే టార్గెట్ ఆ రెండు ఇళ్ళ వారసురాలు. అందులో ముంగిలి లేదు.

తన నమూనా ఏమైందో గ్రూయెన్ కళ్ళారా చూశాడు. తన ప్లానులోంచి తోటలు, సభాగదులు, ఇళ్ళు తీసేసి, దుకాణాలు, కార్ల మైదానం మాత్రం ఉంచుకున్న నకళ్ళను చూశాడు. 1968లో వియన్నాకు తిరిగి వెళ్ళిపోయాడు. ఆ నగరం దక్షిణపు అంచున కూడా 1976లో ఒక పెద్ద షాపింగ్ సిటీ లేచింది. 1978లో లండన్‌లో మాట్లాడుతూ, ఈ సంకరపు కట్టడాలకు తాను భరణం ఇచ్చేది లేదని తెగేసి చెప్పాడు. 1980లో కన్నుమూశాడు. ఆయన చివరి దశలో చేసిన పనిని మాత్రం జనం మరిచిపోతున్నారు. వియన్నా పాత నగరంలో కార్లు తగ్గించి మనుషులకు వీధులు తిరిగి ఇవ్వాలని ప్రణాళిక వేసి ఇచ్చాడు. 1974లో కెర్ట్‌నర్ వీధిని కార్లకు మూసి నడిచేవారికి వదిలారు. అది ఏ దుకాణదారు ముంగిలీ కాదు, నగరం వీధి. తన జీవితమంతా వెతికిన జవాబు ఆయనకు పుట్టిన ఊళ్ళోనే దొరికిందని నేననుకుంటాను.

మన దగ్గర మాదాపూర్‌లోనో, కొండాపూర్‌లోనో, విజయవాడలోనో ఆదివారం సాయంత్రం మాల్‌కు వెళ్ళి చూడండి. ఎస్కలేటర్ ఎక్కడానికి జంకే అమ్మమ్మ, సెల్ఫీ దిగే కుర్రాళ్ళు, చల్లగా ఉందని మెట్లమీద కూర్చున్న కుటుంబాలు. చాలామంది చేతిలో సంచీ ఉండదు. వాళ్ళను చూసి నవ్వేవారంటే నాకు కోపం. వాళ్ళు ఈడైనాలో మొదటి రోజున నిలబడిన జనమే. కొత్తగా లేచిన మన కాలనీల్లో కూర్చోవడానికి అరుగు లేదు, చెట్టు లేదు, చదువుకోవడానికి గ్రంథాలయం లేదు. చోటు ఎక్కడుంటే అక్కడికి వెళతారు.

కాబట్టి అడగాల్సినవాళ్ళను అడుగుదాం. ప్రతి లేఅవుట్‌లోనూ పార్కుకని, అందరి అవసరాలకని స్థలం వదలాలని నిబంధన ఉంది. మీ లేఅవుట్ ప్లాను కాగితం తీయండి. అందులో ఆకుపచ్చ రంగు వేసిన ముక్క ఎక్కడుందో చూసుకుని అక్కడికి నడిచివెళ్ళండి. పార్కు ఉంటే నాలుగు బెంచీలు, ఒక పత్రికల గది అడగండి. గోడ కట్టి ఎవరైనా ఆక్రమించుకుని ఉంటే, పక్కింటివాళ్ళను కలుపుకుని మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళండి. అది మీ జాగా.